కుళ్ళాయమ్మ తెగువెల

మా ఉరవకొండ మహిళా ఫుట్‌బాల్ క్లబ్బుకు ఉన్న ఆస్తులేమిటని అడిగితే ఒక ఎర్రమట్టి మైదానం, గాలివానకు సగం రేకులు ఎగిరిపోయిన హాస్టలు, కుళ్ళాయమ్మ అని లీగు వాళ్ళు చెప్తారు. రేకులనూ మనిషినీ ఒకే వరసలో రాసే ఆ పద్ధతి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కానీ క్లబ్బు కార్యదర్శిని కాబట్టి కింద సంతకం పెట్టేదీ నేనే.

నా పేరు వన్నూరమ్మ. ఆడే రోజుల్లో గోల్‌కీపర్ని, ఇప్పుడు బాలికల హైస్కూల్లో పీఈటీ టీచర్ని. కుళ్ళాయమ్మ ఆరో తరగతిలో నా దగ్గరికి వచ్చింది. వేరుశనగ కాయల మిల్లులో పనిచేసే తల్లి ఆ పిల్లను రెక్క పట్టుకుని తెచ్చి, "ఇంట్లో చెంబూ తట్టా మిగలనియ్యకుండా తంతాంది టీచరమ్మా, తన్నేకి మీరన్నా ఏదన్నా ఇయ్యండి" అంది. బంతి ఇచ్చాను. పంతొమ్మిదేళ్ళు వచ్చేసరికి ఆ పిల్ల ఎడమకాలితో లీగు మొత్తంలో ఎక్కువ గోల్స్ కొట్టింది. ఆ ఎడమకాలి కోసం విశాఖపట్నం నుంచి సాగర్ సిటీ క్లబ్బు కబురంపింది.

ఊరు సంబరపడింది. నాకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు. ఎందుకంటే వాళ్ళు మాతో మాట్లాడి కొనరు, పలక మీద కొంటారు.

పలక అంటే బడిపలక కాదు. ఒక పెట్టెకు బిగించిన, అరచెయ్యి పట్టేంత నల్లటి గాజు బిళ్ళ. అమ్మే క్లబ్బు తరఫున ఒకరు దాని మీద చెయ్యి పెట్టి కూర్చుంటారు. ఎదురుగా తెర మీద అంకెలు పై నుంచి కిందికి దిగుతుంటాయి. ఇంతైతే సరే అనుకున్నంతసేపూ చెయ్యి వదులుగా ఉంటుంది. ఏ అంకె దగ్గర లోపల 'ఇంక వద్దు' అనిపిస్తుందో అక్కడ చెయ్యి తెలియకుండానే బిగుస్తుంది. మనకు తెలియని ఆ బిగువు పలకకు తెలుస్తుంది, అంకె ఆగిపోతుంది. ఆ అంకె పేరు తెగువెల. గౌరవం కింద దానికి పదో వంతు కలిపి ఆటగత్తెను పంపించేస్తారు. మొత్తం తతంగం టీ చల్లారేలోపు అయిపోతుంది.

పలక రాకముందు ఈ బేరాలు నరకం, కాదనను. దళారులు సగం మింగేవాళ్ళు. ఆటగత్తెలు సూట్‌కేసులు సర్దుకుని నెలల తరబడి హోటలు గదుల్లో పడి ఉండేవాళ్ళు. పలక వచ్చాక మోసం పోయిందని అందరూ చప్పట్లు కొట్టారు. మోసం పోయిన మాట నిజమే. అయితే అవసరంలో ఉన్నవాడి అవసరాన్ని కూడా అది అంతే నిజాయితీగా చదివేస్తుందని ఎవరికీ తోచలేదు.

మా రుక్కమ్మ సంగతే చూడండి. అప్పటి మా అధ్యక్షుడు శివన్న సారు ఆ పిల్ల తరఫున చెయ్యి పెట్టాడు. ఆ వారమే ఆయన భార్యకు ఆపరేషను. క్లబ్బు డబ్బు పైసా ముట్టని మనిషి, కానీ ఎంతొస్తే అంతే చాలు అనుకునే స్థితిలో ఉన్నవాడి చెయ్యి ఏ అంకెకు బిగుస్తుంది? రుక్కమ్మ పాత మోటారు సైకిలు ధరకు పోయింది. లీగులో జీతమూ వైద్యమూ ఆడించడమూ అన్నీ కొన్న ధరను బట్టే నడుస్తాయి. చవగ్గా వచ్చిందని బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆడించిన ఒక్కరోజు మోకాలు విరిగింది. ఆ ధరకు అంత వైద్యం రాదని బస్సెక్కించి పంపించేశారు. ఇప్పుడు రుక్కమ్మ మా చిన్నపిల్లలకు నిలబడి పాస్‌లు నేర్పుతుంది, పరిగెత్తలేదు. కుళ్ళాయమ్మకు ఆ గతి పట్టనివ్వకూడదన్నది ఒక్కటే నా పంతం.

ఈ పలకను కనిపెట్టినవాడు పరాయివాడైతే నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేదాన్ని. కనిపెట్టింది మా తమ్ముడు ఓబులేసు. బెంగళూరులో బస్సు దిగి నేరుగా వాడి ప్రయోగశాలకు వెళ్ళాను.

మా నాన్న పశువుల సంతలో దళారి. సంతలో ఎద్దు ధర నోటితో చెప్పరు. చేతుల మీద తుండుగుడ్డ కప్పి, కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని బేరమాడతారు. వేలు పట్టుకుంటే ఒక లెక్క, కణుపు నొక్కితే ఇంకో లెక్క. ధర కుదిరితే బేరం తెగింది అంటారు. చిన్నప్పుడు ఓబులేసు నాన్న పక్కన కూర్చుని ఆ తుండు కదలడమే చూసేవాడు. ఇంజనీరింగు చదివాక నాన్న వేళ్ళకు తీగలు చుట్టి, ఎదుటివాడి చెయ్యి బిగిసే ఘడియను ఆయన ఎలా పసిగడతాడో యంత్రానికి నేర్పాడు. తెగువెల అన్న పేరూ వాడు పెట్టిందే. నాన్న పోయేముందు ఒకసారి ఆ యంత్రాన్ని చూసి, "బాగుండాది, ఊరికే మాట్లాడదు" అన్నాడు.

"చెయ్యి పెట్టక్కా, చూపిస్తా. నీ స్కూటరు అమ్మకానికి పెట్టినావనుకో" అన్నాడు ఓబులేసు.

"నా స్కూటరు నేనెందుకు అమ్ముతా?"

"అనుకో అంటాండా గదా."

పెట్టాను. అంకెలు జారుతూ జారుతూ సిగ్గుపడాల్సినంత కిందికి వెళ్ళి ఆగాయి. నేను గయ్యిమన్నాను. "బ్రేకులు పోయినాయి గదక్కా. నువ్వు చెప్పకపోయినా నీ చెయ్యి చెప్పింది" అన్నాడు వాడు. వెనక బల్లల దగ్గర పిల్ల ఇంజనీర్లు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. నాకు కోపం వచ్చింది, అంతకు మించి భయం వేసింది. పలక అబద్ధం చెప్పదు.

"ఏరా, నాయన తుండు కింద ఎన్ని చేతులుండేవి?" అని అడిగాను.

"రెండు."

"నీ పలక మీద?"

వాడు కాఫీ కప్పు అటూ ఇటూ తిప్పాడు. "నేను రెండే పెట్టినానక్కా. ప్రతి పెట్టెకూ అటుపక్క ఇంకో పలక ఇప్పటికీ ఉండాది. కొనేవాళ్ళు ఎంతదాకా పోగలరో అది చెప్తాది. లీగుకు డబ్బు కట్టేది కొనే క్లబ్బులు గదా. మా చెయ్యి యాల పెట్టాల, మేం కంపెనీ అన్యారు. ఆ పక్క రబ్బరు చాప పరిచి కాఫీ కప్పులు పెట్టుకుంటాండారు."

"నువ్వు గమ్మునున్యావా?"

"యంత్రాన్నే మూలన పడేస్తామన్యారు. అది నా బిడ్డ మాదిరక్కా."

"బిడ్డకు ఒక చెయ్యి నరికేస్తే గమ్మునున్యావు" అన్నాను. తమ్ముణ్ణి నేను అంత మాట ఎప్పుడూ అనలేదు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

వాడే నన్ను బస్టాండు దాకా దింపాడు. దింపేటప్పుడు మెల్లగా చెప్పాడు: "పలకకు దొరికేది అవసరమే అక్కా. డబ్బు అవసరం లేని చెయ్యి యాడన్నా దొరికితే అది పెట్టించు."

తిరుగు ప్రయాణమంతా అదే ఆలోచన. మా కమిటీలో డబ్బు అవసరం లేని చెయ్యి ఎవరిది? హాస్టలు రేకులు అందరి నెత్తి మీదా ఉన్నాయి. నేను కళ్ళు మూసుకుంటే వానచినుకుల చప్పుడే వినిపిస్తుంది. నా చెయ్యి అసలు పనికిరాదు. అప్పుడు తట్టింది, కుళ్ళాయమ్మ ఒక్కతే ఇంతవరకు క్లబ్బు లెక్కలు ఏనాడూ చూడలేదని. పలక ముందు కూర్చునేది క్లబ్బు అధ్యక్షులని నిబంధన. అధ్యక్షురాలు ఆటగత్తె కాకూడదని ఎక్కడా లేదు. ఎద్దే వచ్చి బేరానికి కూర్చుంటుందని లీగు వాళ్ళు అనుకోలేదు మరి.

మైదానంలోనే సర్వసభ్య సమావేశం పెట్టాం. శివన్న సారు సంతోషంగా దిగిపోయాడు. రుక్కమ్మ కుళ్ళాయమ్మ పేరు చెప్పింది, అందరూ చేతులెత్తారు.

"ఫుట్‌బాల్ ఆడేదాన్ని పట్టుకోని చెయ్యి పెట్టమంటారేందక్కా. మా ఆటలో చెయ్యి తగిల్తే తప్పు గదా" అంది కుళ్ళాయమ్మ.

"ఈ ఒక్కసారికి విజిల్ ఎవురూ ఊదర్లే" అన్నాను.

పిల్లలు వెళ్ళిపోయాక ఆమె రుక్కమ్మ మోకాలికి నూనె రాస్తూ కూర్చుంది. రుక్కమ్మ కళ్ళు మూసుకుని ఉంది. "నాకు పోవాలని శానా ఉండాదక్కా" అంది కుళ్ళాయమ్మ నా వైపు చూడకుండానే. "వాళ్ళ మైదానం అంతా గడ్డేనంట. కింద పడితే చర్మం లేచిపోదంట. గడ్డి మింద ఒక్క ఆటన్నా ఆడాల." 

"ఆడుదువులే. దానికి తగ్గ ధర రానీ" అన్నాను. ఆ గడ్డి మాట విని నవ్వుకున్నానే గానీ లెక్కలోకి తీసుకోవాలని నాకు తట్టలేదు.

బేరాల రోజు హైదరాబాదులో ఒక హోటలు హాలు నిండా బల్లలు వేశారు. బల్లకొక పెట్టె, ఎర్రదీపం, పచ్చదీపం. సాగర్ సిటీ తరఫున ప్రసూన గారు వచ్చారు. నేత చీర, మెత్తటి మాట, మనల్ని పేరు పెట్టి పలకరించే మర్యాద. అలాంటివాళ్ళంటే నాకు మరీ భయం. మా బల్ల దగ్గర లీగు అధికారి నిరంజన్ నిబంధనలు చదివాడు. "పచ్చదీపం వెలిగేదాకా చెయ్యి తీయకూడదు. తీస్తే బేరం రద్దు, ఆ ఆటగత్తె ఒక సీజను లీగులో ఆడటానికి లేదు."

కుళ్ళాయమ్మ జాకెట్టు చేతులు పైకి మడిచి, ఎడమ చెయ్యి పలక మీద పెట్టింది. అంకెలు రెండు కోట్ల దగ్గర మొదలయ్యాయి.

కోటి దాటింది. డెబ్బై లక్షలు, యాభై, ఇరవై. ఆగలేదు. లక్షలు పోయి వేలు వచ్చాయి. నా చేతులు మాత్రం బల్ల కింద బిగుసుకుపోయాయి, ఎదురు బంతిని ఆపాలన్నట్టు. వేలు పోయి వందలొచ్చాయి. తెర మీద సున్నా వచ్చి నిలబడింది.

యంత్రం పాడయిందనుకుని నిరంజన్ పెట్టె మీద రెండుసార్లు తట్టాడు. సున్నా కదల్లేదు. అప్పుడు అర్థమైంది నాకు. డబ్బు అవసరం లేని చెయ్యి కోసం వెతికాను గానీ, ఆ చేతిలో గడ్డి మైదానం ఉందని మర్చిపోయాను. ఊరికే అయినా సరే, వెళ్ళి ఆడితే చాలు అనుకునే పిల్లను తీసుకొచ్చి పలక ముందు కూర్చోబెట్టాను. సున్నాకు పదో వంతు గౌరవం కలిపితే ఎంతవుతుందో లెక్కల టీచర్ని అడగక్కర్లేదు.

"ఇంత ఇష్టంతో వస్తున్నావంటే మాకు చాలా సంతోషం అమ్మా" అన్నారు ప్రసూన గారు. ఆమె వెటకారంగా అనలేదు. "ఇంకొక్క నిమిషం చెయ్యి అలాగే ఉంచు. పచ్చదీపం వెలుగుతుంది."

కుళ్ళాయమ్మ సున్నా వైపు చూసింది. మొహంలో సిగ్గు లేదు. "కరెక్టే చూపించింది" అంది. చెయ్యి తీయకుండానే ముందుకు వంగి, కుడిచేత్తో ప్రసూన గారి కాఫీ కప్పు పక్కకు జరిపి, రబ్బరు చాప ఎత్తి అవతల పెట్టింది. కింద నల్లగా మెరుస్తూ రెండో పలక బయటపడింది. బెంగళూరు కబుర్లన్నీ నేను చెప్పినప్పుడు ఆ పిల్ల చెవిన పెట్టిందని అప్పటిదాకా నాకు తెలియదు.

"మేడమ్, మీ పక్క గూడా ఒకటుండాది. చెయ్యి పెట్టండి."

"అది నిబంధనల్లో లేదమ్మా" అన్నారామె.

"పెట్టగూడదని ఉండాదా సార్?" అని నిరంజన్‌ను అడిగింది.

అతను చేతిలోని కాగితాలు ముందుకూ వెనక్కీ తిప్పాడు. "పెట్టకూడదని లేదు. కానీ ఇప్పటిదాకా ఎవరూ పెట్టలేదు."

"నాకెంత ఆశ ఉండాదో ఈ హాలంతా చూసింది. మీకెంత ఆశ ఉండాదో గూడా చూడనియ్యండి. మీ కోచ్ సారు నా ఆట చూసేకి మా ఊరికి మూడు తూర్లు వచ్చినాడు. నెత్తిన గుడ్డేసుకోని మిట్టమధ్యాన్నం ఎండలో నిలబడినాడు. సున్నాకొచ్చే పిల్ల కోసం ఎవురన్నా అంత దూరం వస్తారా మేడమ్?"

చుట్టుపక్కల బల్లల వాళ్ళు మా వైపు తిరిగారు. ప్రసూన గారు బల్ల మీదున్న తన చేతిని తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. మెల్లగా, మర్యాదగానే తీశారు. కానీ తీశారు. వాళ్ళ తెగువెల ఎంత ఎత్తున ఉందో ఆ ఒక్క పనితో నాకు తెలిసిపోయింది.

"చూడమ్మా, నేను ఉద్యోగిని. ఇది నా చెయ్యి కాదు, కంపెనీ చెయ్యి" అన్నారు.

"నాది నాదే మేడమ్" అంది కుళ్ళాయమ్మ.

నిరంజన్ గడియారం చూసుకున్నాడు. "తీస్తే సీజను పోతుంది పాపా, బాగా ఆలోచించుకో." అతని గొంతులో జాలి ఉంది. పంతొమ్మిదేళ్ళ కాలికి ఒక సీజను అంటే ఏమిటో నాకు తెలుసు. మళ్ళీ అడుగుతారో లేదో, కాలు ఇలాగే ఉంటుందో లేదో. ఉంచు అని చెప్పడానికి నోరు తెరిచాను కూడా. రుక్కమ్మ మోకాలు కళ్ళముందు మెదిలింది. ఆ పిల్ల నా వైపు చూసింది.

"అధ్యక్షురాలివి నువ్వు మే. నీ ఇష్టం" అన్నాను. నా బతుకులో అంత కష్టమైన మాట ఇంకోటి అనలేదు.

కుళ్ళాయమ్మ చెయ్యి తీసేసింది. ఎర్రదీపం వెలిగింది.

నిరంజన్ నిషేధం కాగితం ముందు పెడితే అధ్యక్షురాలి హోదాలో తన నిషేధం మీద తనే సంతకం చేసింది. మేము లేచి వస్తుంటే మూడు బల్లల అవతల ఎవరో ముసలాయన, ఏదో చిన్న క్లబ్బు మనిషి, తన ఎదుటివాళ్ళ వైపున్న రబ్బరు చాప అంచు పట్టుకుని ఎత్తి చూస్తున్నాడు. వాళ్ళు వద్దంటున్నా వదల్లేదు.

వరండాలో ప్రసూన గారు వెనకనుంచి గబగబా నడుచుకుంటూ వచ్చారు. చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "నోటితోనే అడుగుతున్నాను. ఎంతైతే వస్తావు?" అన్నారు.

కుళ్ళాయమ్మ తడుముకోలేదు. "కోటిన్నర మా క్లబ్బుకు. కాలు విరిగితే అతుక్కునేదాకా వైద్యం మీదే. ఊరికే బెంచీ మింద కూర్చోబెట్టేదైతే మళ్ళీ మా ఊరికి పంపియ్యాల."

"అంత మావాళ్ళు ఒప్పుకోరమ్మా. పైగా ఈ సీజను నువ్వు ఎలాగూ ఆడలేవు."

"అయితే వచ్చే ఏడు రండి మేడమ్. అప్పటికి ధర పెరిగుంటాది."

ప్రసూన గారికి నవ్వొచ్చేసింది. ఆపుకుందామనుకుని ఆపుకోలేకపోయారు. తలూపి లోపలికి వెళ్ళిపోయారు. వచ్చే ఏడు వస్తారో రారో నాకు తెలియదు. వస్తే మాత్రం నోటితో మాట్లాడాలి, కళ్ళలోకి చూసి మాట్లాడాలి. అంతవరకు గెలిచామనే నేనంటాను.

బస్సులో సీటు దొరికేదాకా ఆ పిల్ల బాగానే ఉంది. బస్సు ఊరు దాటి వేగం అందుకున్నాక కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. వెక్కిళ్ళు పెట్టి, చిన్నపిల్లలా ఏడ్చింది. ఆమె పోగొట్టుకున్నది నిజంగానే పెద్దది. వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. హాస్టలు మీద రేకులు వేయించడం ఎలాగా అన్న బెంగ ఒకపక్క, ఈ పిల్లను చూస్తే పొంగిపోయే గుండె ఇంకోపక్క.

అప్పుడు ఓబులేసు ఫోను చేశాడు. ప్రతి పెట్టె లెక్కా క్షణాల్లో వాడి ప్రయోగశాలకు చేరుతుందట. "అక్కా, మీ బల్ల దగ్గర ఏం జరిగింది? చెయ్యి చివరిదాకా బిగుసుకోనే లేదు. సున్నా దగ్గర గూడా సరేననే ఉండాది. అట్లాంటి చెయ్యి పలక మీద నుంచి లేచిందే లేదు ఇంతవరకు. ఇక్కడ అందరం తలలు పట్టుకోని కూర్చున్యాం. పలక తప్పు చెప్పిందా?"

కుళ్ళాయమ్మ నా చేతిలోంచి ఫోను తీసుకుంది. చున్నీతో ముక్కు తుడుచుకుంది.

"తప్పేం చెప్పలేదన్నా. అది కరెక్టుగానే చెప్పింది. నేనే ఇనలేదు."